మీసం లేని అపరిచితుడు

ఎల్క్ బెండ్ స్వతంత్ర జీవన సంఘం కార్యవర్గం తరఫున సంతోషంతో తెలియజేయునది ఏమనగా, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు తమ సొంత ఇళ్ళలో సగౌరవంగా బతకడానికి అవసరమైన ఏర్పాట్లన్నీ మా పట్టణంలో పూర్తయ్యాయి. ఇళ్ళు తప్ప.

ఈ చిన్న లోపాన్ని భూతద్దంలో చూసేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఇళ్ళు కట్టడం ఎవరికైనా చేతనవుతుంది. ఇంట్లో ఎలా ఉండాలో నేర్పడం కష్టం. మా సంఘం కష్టమైన పనిని ఎంచుకుంది. నేను ఆ సంఘానికి కార్యదర్శిని కాబట్టి ఈ మాట అధికారికంగానే చెబుతున్నాను.

మా భవనం కింది అంతస్తులో, వీధివైపు ప్రత్యేకంగా వాకిలి పెట్టి, ఒక సాధన ఇల్లు కట్టించాం. మిన్నెసోటా మొత్తం మీద ఇలాంటిది లేదని మా అధ్యక్షుడు లైల్ హాగెన్ గారు ప్రతి సభలోనూ చెబుతారు. నిజమో కాదో ఎవరూ కనుక్కోలేదు గానీ, ఇల్లు మాత్రం ముచ్చటగా ఉంటుంది. వంటగది ఉంది. ఫ్రిజ్‌లో ప్లాస్టిక్ టమాటాలు, ప్లాస్టిక్ బఠాణీలు, ఒక ప్లాస్టిక్ కోడి ఉన్నాయి. టీవీ అట్టముక్కతో చేసింది. మంచం నిజమైనదే, కాకపోతే దుప్పటి సర్దడం నేర్చుకోవడానికే. దాని మీద పడుకోకూడదు. వాకిలికి కాలింగ్ బెల్లు, బయట ఎవరున్నారో చూసుకునే అద్దపు రంధ్రం, లోపల గట్టి ఇత్తడి గడియ పెట్టించాం. శిక్షణకు వచ్చేవాళ్ళు వారంలో రెండు మధ్యాహ్నాలు ఇక్కడ నివసించడం సాధన చేసి, సాయంత్రానికి కోట్లు తొడుక్కుని, తాము నిజంగా నివసించే చోటికి వెళ్ళిపోతారు.

ఈత వచ్చేదాకా నీళ్ళలోకి దిగనివ్వకూడదన్నది మా సిద్ధాంతం. అందువల్ల ఇంతవరకు ఒక్కరు కూడా మునిగిపోలేదు. ఒక్కరికి కూడా ఈత రాలేదన్నది వేరే విషయం.

మా విద్యార్థులందరిలోకీ సీనియరు బ్రిట్టా లిండ్‌క్విస్ట్. ముప్ఫయ్ దాటిన మనిషి. మా పట్టణపు ఆసుపత్రి లాండ్రీలో ఉద్యోగం. మా ఊళ్ళో పుట్టినవాళ్ళూ పోయినవాళ్ళూ అందరూ ఆమె మడతపెట్టిన దుప్పట్ల మీదే ఆ పని కానిచ్చారు. ఆమెకు మేము చేతిరుమాలు మడతపెట్టడం నేర్పుతున్నాం. చర్చి కింది హాల్లో విందు జరిగితే బ్రిట్టా చేసిన హాట్‌డిష్ పళ్ళెం అందరికంటే ముందు ఖాళీ అవుతుంది. పైన బంగాళాదుంప ముక్కలు కరకరలాడతాయి, కింద మాంసం జారుతూ ఉంటుంది. ఆమెకు మేము ప్లాస్టిక్ బఠాణీలు కలపడం నేర్పుతున్నాం. ఏం చేస్తాం, పాఠ్యక్రమంలో హాట్‌డిష్ లేదు.

తనకు ఏది రాదో కూడా బ్రిట్టాకు తెలుసు. బ్యాంకు ఉత్తరాలు అర్థం కావు. మంచు కురిసే రోజు బస్సు దారి మారిస్తే కంగారు పడుతుంది. "సాయంత్రం పూట ఒకళ్ళు వచ్చి ఉత్తరాలు చదివిపెడితే చాలు. బస్సు సంగతి ఫోన్లో చెబితే చాలు. మిగతాది నేను చూసుకుంటా" అని ఎన్నోసార్లు చెప్పింది. అలాంటి సహాయకురాలిని పంపడానికి జిల్లా కార్యాలయం వారు ఎప్పుడో ఒప్పుకున్నారు. సహాయకురాలు రావాలంటే బ్రిట్టాకు ఒక ఇల్లుండాలి. ఇల్లు రావాలంటే మా పరీక్ష పాసవ్వాలి. పరీక్షలో ఆమె ఏటా తప్పుతోంది.

తప్పేది ఒక్క అంశంలోనే, కాని అది అతి ముఖ్యమైన అంశం. అపరిచితులకు తలుపు తీయకుండా ఉండడం.

ఈ అంశాన్ని లైల్ గారు స్వయంగా నిర్వహిస్తారు. ఉద్యోగకాలమంతా ట్రాక్టర్లు అమ్మి విశ్రాంతి తీసుకుంటున్న ఆయనకు నటన అంటే ప్రాణం. చర్చి క్రిస్మస్ నాటకంలో తూర్పుదేశపు జ్ఞాని వేషం వేరే ఎవరికీ దక్కనివ్వరు. ప్రతి జనవరిలోనూ ఆ వేషం తాలూకు నల్లమీసం అతికించుకుని, సాధన ఇంటి బెల్లు కొట్టి, "గ్యాస్ కంపెనీ నుంచి వచ్చానమ్మా" అని గొంతు మార్చి అంటారు. బ్రిట్టా రంధ్రంలోంచి చూస్తుంది. వెంటనే గడియ తీస్తుంది. "లైల్ గారూ, అంత చలిలో నిలబడ్డారేంటి, లోపలికి రండి" అంటుంది.

తప్పింది.

అది లైల్ గారు కాదనీ, అపరిచితుడనీ మేము ఎంతో ఓపికగా వివరించాం. "మరి అపరిచితుడు లైల్ గారి బూట్లు ఎందుకేసుకున్నాడు? దొంగిలించాడా?" అని ఆమె నిజంగానే కంగారుపడింది. మరుసటి ఏడాది ఆయన బూట్లు మార్చి, నల్లకళ్ళద్దాలు కూడా పెట్టుకున్నారు. "కంటికి ఆపరేషన్ ఎప్పుడైందండీ" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, కుర్చీ వేసింది. ఆ ఏడాది అపరిచితుణ్ణి ముట్టుకున్నందుకు అదనంగా మార్కులు పోయాయి. లోకంలో ఎంత కపటం ఉందో ఈ అమాయకురాలికి ఎలా తెలియజెప్పాలి అని లైల్ గారు మీసం పీకుతూ నిట్టూర్చారు.

ఇదే సందర్భంలో మా అబ్బాయి సంగతి చెప్పడం అప్రస్తుతం కాదనుకుంటాను. పద్దెనిమిదేళ్ళు నిండిన వారంలోనే వాడు ముగ్గురు స్నేహితులతో కలిసి ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. కిటికీకి కర్టెన్ బదులు ఫుట్‌బాల్ జట్టు జెండా. మంచం బదులు నేల. ఒకసారి నేను వెళ్తే పిజ్జా తెచ్చినవాణ్ణనుకుని నా మొహం కూడా చూడకుండా తలుపు తీసి చిల్లర చేతిలో పెట్టాడు. వాడు పరీక్షలేవీ రాయలేదు. వాడికి స్వాతంత్య్రం పుట్టుకతోనే వచ్చింది.

కథ ఇలాగే హాయిగా సాగిపోయేది. కాని మొన్న ఆకులు రాలే కాలంలో బ్రిట్టా అక్క ఇంగ్రిడ్ ఒక వార్త చెప్పింది. బ్రిట్టా ఉంటున్నది ఆ అక్కాబావల ఇంటి కింది గదిలోనే. బావకు అరిజోనాలో ఉద్యోగం వచ్చింది, జనవరి చివరికి ఇల్లు ఖాళీ చేస్తారు. బ్రిట్టా అరిజోనా రానంది. ఇక మిగిలిన దారి ఒక్కటే. కారులో పోతే సగం రోజు పట్టే దూరంలో, వేరే జిల్లాలో, ఒక సామూహిక గృహంలో మంచం ఖాళీ ఉంది. గదిలో ఇంకొకావిడ ఉంటుంది. ఆవిడెవరో బ్రిట్టాకు తెలియదు. అపరిచితులకు తలుపు తీయకూడదని ఇన్నేళ్ళు నేర్పి, చివరికి ఒక అపరిచితురాలి పక్క మంచం చూపించడంలో వైరుధ్యం ఏమీ లేదని కార్యవర్గం ఏకగ్రీవంగా అభిప్రాయపడింది.

అక్కడికి వెళ్తే లాండ్రీ ఉద్యోగం పోతుంది. బుధవారం బౌలింగ్ జట్టు పోతుంది. డ్వైట్ దూరమవుతాడు. డ్వైట్ కిరాణా దుకాణంలో తోపుడుబండ్లు సర్దే ఉద్యోగి. అతనికీ డౌన్ సిండ్రోమ్ ఉంది, మా దగ్గరే శిక్షణలో ఉన్నాడు. వాళ్ళిద్దరిదీ స్నేహమని మేము రాసుకున్నాం. ప్రేమ అని వాళ్ళు చెబుతున్నారు.

మా పద్ధతి ప్రకారం బ్రిట్టాను కేంద్రంగా ఉంచి సమావేశం జరిపాం. ఆమెను నిజంగానే మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ మేము కూర్చున్నాం. గోడకు పెద్ద కాగితం అంటించి, రంగు పెన్నులు పట్టుకుని, నీ కలేమిటో చెప్పు బంగారం అన్నాం.

"ఎల్క్ బెండ్‌లోనే నాకొక ఇల్లు. దానికి నా తాళం. నేను వెయ్యాలి, నేను తియ్యాలి" అంది బ్రిట్టా.

మేము కాగితం మీద ఒక తలుపు బొమ్మ గీసి, పక్కన పువ్వు వేశాం. లైల్ గారు లేచి ఉపన్యసించారు. "మిత్రులారా, స్వేచ్ఛ అంటే ఎంపిక. ఎంపిక లేని చోట మనిషి లేడు. అందుకే ఈ సంఘం నేడు బ్రిట్టా ముందు ఒక సంపూర్ణమైన ఎంపికను ఉంచుతోంది. ఆ కొత్త ఊరి గదిలో కిటికీ కర్టెన్ల రంగు ఆమే నిర్ణయిస్తుంది. ఎవరూ జోక్యం చేసుకోరు." కొందరికి కళ్ళు చెమ్మగిల్లాయి.

"నేను కర్టెన్లు అడగలేదు" అంది బ్రిట్టా.

ఏ రంగైనా పర్వాలేదట అని రాసుకున్నాం.

మా ఊళ్ళో ఎవరూ ఎవరికీ కాదని చెప్పరు. అది మా సంస్కారం. "ఆలోచించదగ్గ విషయమే" అంటాం. ఆ మాట చెవిన పడగానే ఇక్కడ పుట్టిపెరిగినవాడెవడైనా సంగతి గ్రహించి కోటు అందుకుంటాడు. ఆ రోజు లైల్ గారు ఆ మాటే చిరునవ్వుతో అన్నారు. బ్రిట్టా కోటు అందుకోలేదు. "ఎప్పుడు ఆలోచిస్తారు?" అని అడిగింది. ఇంతవరకు మా ఊళ్ళో ఎవరూ అడగని ప్రశ్న అది. అందరం కేకు కోసుకు తిని లేచాం.

జనవరి వచ్చింది. ఊపిరి వదిలితే కనుబొమల మీద గడ్డకట్టే రోజులు. మిన్నియాపోలిస్ నుంచి వాండర్‌హూఫ్ గారనే దాత మా సాధన ఇల్లు చూడడానికి వస్తున్నట్టు కబురొచ్చింది. ఎనభై దగ్గరపడ్డ పెద్దావిడ. పెద్ద కోటు, పెద్ద చెయ్యి. ఆవిడ ముందు మీసంతో కనబడడం హుందాగా ఉండదని లైల్ గారు ఆ వారం పరీక్షను వాయిదా వేశారు.

ఆ రోజు ఉదయమే బ్రిట్టా సాధన ఇంటికి వచ్చిందని మాకు తర్వాత తెలిసింది. పిల్లలు మంచులో జారే చెక్కబండి మీద ఒక పెట్టె, ఒక కాఫీ యంత్రం, బౌలింగ్ బంతి ఉన్న సంచి పెట్టి తాడు కట్టి, డ్వైట్ లాక్కొచ్చాడట. దొంగిలించడానికి ప్లాస్టిక్ కోడి తప్ప ఏమీ లేదు కాబట్టి ఆ ఇంటికి మేము బయట తాళం వేసేవాళ్ళం కాదు. సామాను లోపల పెట్టి, అతను దుకాణంలో పనికి వెళ్ళాడు. ఆమె గడియ పెట్టుకుంది.

మేము దాతను వెంటబెట్టుకుని వీధి మలుపు తిరిగేసరికి, మెట్టు మీద ఒక అట్టపెట్టె కనిపించింది. అందులో మా ప్లాస్టిక్ టమాటాలు, బఠాణీలు నీట్‌గా సర్ది ఉన్నాయి. ఆ పైన ప్లాస్టిక్ కోడి, దాని వీపు మీద మంచు. లోపలి నుంచి నిజం కాఫీ వాసన వస్తోంది. లైల్ గారు తలుపు తోశారు. రాలేదు. బెల్లు కొట్టారు.

"ఎవరండీ?"

"నేనే బంగారం, లైల్‌ని. తలుపు తియ్యి."

రంధ్రంలో వెలుగు పోయింది. చూస్తోందన్నమాట.

"మీసం ఏదండీ?"

"ఇవాళ పెట్టుకోలేదు."

"మీసం పెట్టుకుంటే అపరిచితుడన్నారు. పెట్టుకోకపోతే?"

"పెట్టుకోకపోతే లైల్‌ని. నీకు తెలిసినవాణ్ణే కదా" అన్నారాయన దాతవైపు చూసి నవ్వుతూ.

లోపల కాఫీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత, మా పాఠాన్ని మాకే మా గొంతుతోనే అప్పజెప్పినట్టు, స్పష్టంగా వినిపించింది. "తెలిసినవాళ్ళయినా ముందు ఫోన్ చేసి రావాలి. అది మీరే నేర్పారు. ఫోన్ చేశారా?"

"చెయ్యలేదు."

"అయితే ఏమనుకోకండి లైల్ గారూ. ఇవాళ నాకు కుదరదు. ఇల్లు సర్దుకుంటున్నా."

"ఇది సాధన ఇల్లు, బ్రిట్టా. సాధన చెయ్యడానికి."

"సాధన అయిపోయిందండీ."

ఆ గొంతు వణికింది. ఆ వణుకు నేను విన్నాను. ఆ తలుపు తీస్తే తన ఊరు పోతుందని ఆమెకు తెలుసు. ఇంతమంది పెద్దవాళ్ళు బయట నిలబడి పిలుస్తుంటే, జీవితమంతా పిలిచినప్పుడల్లా తలుపు తీసిన మనిషి, గడియ మీద చెయ్యి పెట్టి తీయకుండా నిలబడి ఉంది. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. చలివల్ల అని అక్కడే నిర్ణయించుకున్నాను.

అప్పుడు వాండర్‌హూఫ్ గారు చప్పట్లు కొట్టారు. లావుపాటి చేతితొడుగులతో కొట్టడం వల్ల చప్పుడు రాలేదు గానీ, ఆనందం తెలిసింది. "ఎంత చక్కగా నేర్పారండీ! తెలిసిన మనిషికి కూడా లొంగలేదు. నేనైతే ఎప్పుడో తీసేసేదాన్ని. ఈ అమ్మాయి పరీక్ష పాసైనట్టేగా?"

లైల్ గారు నావైపు చూశారు. నేను ప్లాస్టిక్ కోడివైపు చూశాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కాలేదంటే, మరి ఎలా చేస్తే అవుతుందో దాతకు చెప్పాలి. అయిందంటే, పాసైన మనిషికి ఇల్లు చూపించవలసిన ప్రమాదం మొట్టమొదటిసారి సంఘానికి వస్తుంది.

"అయినట్టే" అన్నారు లైల్ గారు.

"మరి ఇది ఆమె ఇల్లేనా?"

ట్రాక్టర్లు అమ్మినంత కాలం ఏ కొనుగోలుదారుతోనూ కాదనే మాట అనని మనిషి. పుట్టిన దగ్గర్నుంచి ఎల్క్ బెండ్‌లో పెరిగిన మనిషి. అతిథి పొరబడితే సరిదిద్దడం ఇక్కడ ఎవరింట్లోనూ నేర్పరు. పైగా ఆయన చెవులు అప్పటికే చలికి తెల్లబడుతున్నాయి.

"ఆమె ఇల్లే" అన్నారు.

"వినబడిందండీ" అంది లోపలి గొంతు. "థాంక్స్ లైల్ గారూ. ఆదివారం మధ్యాహ్నం రండి, కాఫీ ఇస్తా. ఫోన్ చేసి రండి."

ఆ సాయంత్రం కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. పాసైనవారిని తగిన ఇంటికి పంపవలెను అని మా నియమావళిలో ఉంది. ఆ తగిన ఇల్లు ఎక్కడుందని వెతికితే, ఎక్కడా లేదు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇన్నేళ్ళూ ఈ ప్రశ్న ఎందుకు రాలేదంటే, ఎవరూ పాసవ్వలేదు కాబట్టి. ఎవరూ ఎందుకు పాసవ్వలేదన్న ప్రశ్న కూడా ఒక సభ్యురాలి నోటిదాకా వచ్చింది. అది ఆలోచించదగ్గ విషయమేనని లైల్ గారు అనగానే ఆవిడ కోటు తొడుక్కుంది.

చివరికి, సాధన ఇంటిని మొదటి నుంచీ బ్రిట్టా కోసమే కట్టించినట్టు తీర్మానించాం. స్థానిక పత్రికలో లైల్ గారి ఫోటో వచ్చింది. వెనకాల తలుపు, తలుపు వెనకాల బ్రిట్టా. ఫోన్ చెయ్యకుండా వచ్చిన ఫోటోగ్రాఫరుకు ఆమె తలుపు తీయలేదు. ఇంగ్రిడ్ అరిజోనా వెళ్ళేముందు వచ్చి, చెల్లెల్ని పట్టుకుని వాకిట్లోనే చాలాసేపు ఏడ్చింది. ఇప్పుడు ఒక చిరునామా ఏర్పడింది కాబట్టి, జిల్లా సహాయకురాలు సాయంత్రాలు వచ్చి ఉత్తరాలు చదివిపెడుతోంది. లాండ్రీ సాగుతోంది. బుధవారం జట్టు గెలుస్తోంది.

ఆదివారం మేము ఫోన్ చేసే వెళ్ళాం. బూట్లు వాకిట్లో విప్పించింది. లైల్ గారి మేజోడుకు బొటనవేలి దగ్గర చిరుగు ఉంది. ఆమె చూసింది గానీ ఏమీ అనలేదు. అట్ట టీవీ ఉన్నచోట బౌలింగ్ బంతి పెట్టుకుంది. నిమ్మరసం వేసి చేసిన కేకు ముక్కలు పెట్టింది, మొహమాటపడితే మళ్ళీ పెట్టింది. ఆ ఇంట్లో మొట్టమొదటిసారి ఎవరో ఉంటున్న వెచ్చదనం తగిలింది. బయల్దేరేటప్పుడు లైల్ గారు తలుపు దగ్గర చాలాసేపు తచ్చాడి, "వెళ్ళొస్తాం బ్రిట్టా గారూ" అన్నారు. బంగారం అనే మాట ఆయన నోట ఆ తర్వాత నేను వినలేదు. నాకు ఆ రోజు సిగ్గేసిందని రాయాలనుంది గానీ, కార్యదర్శులు వాడదగిన పదాలలో అది లేదు.

ఇలాంటి ఇళ్ళు ఇంకా కట్టమని వాండర్‌హూఫ్ గారు ఉదారంగా విరాళం పంపారు. ఆవిడ కోరిక మేరకు, సరిగ్గా అలాంటిదే ఇంకొకటి కట్టించాం. అంటే, సాధన ఇల్లు. ప్లాస్టిక్ కోడిని కడిగి కొత్త ఫ్రిజ్‌లో పెట్టాం. అనుభవం నేర్పిన పాఠంతో ఒకే ఒక మెరుగు చేశాం. కొత్త ఇంటి తలుపుకు లోపల గడియ పెట్టించలేదు.

మొదటి విద్యార్థి డ్వైట్. శిక్షణ పూర్తయితే బ్రిట్టాతో కలిసి ఉండే విషయం ఆలోచించదగినదేనని అతనికి హామీ ఇచ్చాం. డ్వైట్ లోపలికి వచ్చి, టమాటాలను పట్టించుకోకుండా నేరుగా తలుపు దగ్గరికి వెళ్ళి, లోపలివైపు పైనుంచి కిందిదాకా చేత్తో తడిమి చూశాడు.

"గడియ ఏదండీ?"

"మీ భద్రత కోసం పెట్టించలేదు డ్వైట్."

అతను నావైపు తిరిగాడు. "మీ ఇంటికి కూడా పెట్టించలేదా?"

అనవసర ప్రశ్నలు వేస్తాడు, సొంత ఇంటికి ఇంకా సిద్ధంగా లేడు, మరో ఏడాది శిక్షణ అవసరం అని రాసి సంతకం చేశాను. తర్వాత ఇంటికి వెళ్ళి, లోపల గడియ వేసుకుని, భోంచేశాను. మీరు దీన్ని చదువుతున్నది కూడా గడియ వేసిన తలుపు వెనకే అయివుంటుంది. ఆ గడియ కోసం తమరు ఏ పరీక్ష, ఏ సంవత్సరంలో పాసయ్యారో తీరిక చూసుకుని మా కార్యాలయానికి తెలియజేయ ప్రార్థన.